మరిది అమ్మిన గాలిమర

మా సందులో ఆమెను అందరూ పిల్లలక్క అంటారు. ఆమెకు సొంత పిల్లలు లేరు. ఆ పేరు కోడిపిల్లల వల్ల వచ్చింది. సందు చివర మేడ కింది భాగంలో ఆమె ఇల్లు. వంటగదిని ఆనుకుని ఉన్న పొడుగాటి గదిలో పొదిగే పెట్టెలు వరుసగా ఉంటాయి. ఊరి చుట్టుపక్కల కోళ్లు పెంచుకునేవాళ్లు గుడ్లు తెచ్చి ఇస్తారు. మూడు వారాల తర్వాత వచ్చి, చిల్లుల అట్టపెట్టెల్లో పిల్లల్ని తీసుకుపోతారు. ఒకసారి సందులోకి కొత్తగా వచ్చిన ఒకావిడ, పేరు విని పొరపాటుపడి, ఆఫీసుకు వెళ్లే హడావిడిలో తన పాపను చంకనేసుకుని వచ్చింది. "సాయంత్రం దాకా ఉంచుకుంటారా?" అని అడిగింది. "ఉంచుకుంటాను గానీ, మా దగ్గర నూకలే పెడతాం మరి" అంది పిల్లలక్క. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. వాళ్లమ్మ ఇంకా ఆ మాట చెప్పి నవ్విస్తూనే ఉంది.

పని మాత్రం నవ్వులాట కాదు. పెట్టెలో వేడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. గుడ్లను రోజుకు కొన్నిసార్లు అటూ ఇటూ తిప్పాలి. తేమ తగ్గకుండా లోపలి పళ్లెంలో నీళ్లు చూసుకోవాలి. వారం గడిచాక ఒక్కో గుడ్డునూ చీకట్లో దీపం ముందు పట్టుకుని చూస్తుంది. లోపల ఎర్రటి దారాలు అల్లుకుని, మధ్యలో చిన్న చుక్క కదులుతుంటే ఆ గుడ్డు నిలిచినట్టు. అలాంటిదాన్ని చూసినప్పుడల్లా ఆమె పెదవులు కదుపుతుంది. ఏమంటుందో ఎవరికీ వినపడదు. ఆమె భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. నెమ్మదస్తుడు. "నాతో కూడా అంత ముద్దుగా మాట్లాడితే బాగుండు" అంటాడు.

పిల్లలక్క మంచిదే గానీ మాట పడే మనిషి కాదు. ఎప్పుడో ఒకతను మురిగిన గుడ్లు కలిపి ఇచ్చాడని అతని కొట్టు ఉన్న వీధిలోకి అడుగు పెట్టడమే మానేసింది. బస్సు దిగి చుట్టూ తిరిగి వస్తుంది. అతను పోయాడని తెలిసినా ఆ దారిన రాలేదు. "మనిషే లేడు కదా, ఇంకెవరి మీద కోపం?" అని భర్త అడిగితే, "కొట్టు ఉందిగా" అంది.

ఆమె చెల్లెలి మొగుడు నోరున్నవాడు. నీళ్లు శుభ్రం చేసే యంత్రాలు అమ్మాడు. నడుము నొప్పి పోగొట్టే పరుపులు అమ్మాడు. ఏదీ ఏడాదికి మించి అమ్మలేదు. పిల్లలక్క అతన్ని మరిది అని పిలుస్తూ బాగానే చూసుకునేది. చెల్లెలు చిన్నప్పటి నుంచి ఆమె చేతుల మీదుగా పెరిగింది. ఆ చెల్లెలి మొహం చూసే, ఆ పరుపుల్లో ఒకటి కొని అటక మీద పడేసింది కూడా.

ఒకరోజు మరిది పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని వచ్చాడు. మేడ మీదకు ఎక్కి, అటూ ఇటూ చూసి, చెయ్యి గాల్లో పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"వదినా, నీ నెత్తి మీద కరెంటు ఊరికే పోతోంది" అన్నాడు.

అతను తెచ్చింది ఇంటి గాలిమర. పొలాల్లో కనిపించే పెద్ద రెక్కలది కాదు. నిలువు గొట్టానికి చుట్టూ వంపు తిరిగిన రేకులు, మనిషి ఎత్తున, తెల్లగా, చప్పుడు లేకుండా తిరిగేది. కింద బ్యాటరీ పెట్టె. రాత్రనక పగలనక కరెంటు పుడుతుందట. సూర్యుడితో పని లేదట. ఆకు కదిలితే చాలట.

"ఆకు కదలకపోతే?" అంది పిల్లలక్క.

"ఆకు కదలని రోజు ఎక్కడైనా ఉంటుందా వదినా? మనం ఊపిరి పీల్చుకోవడం లేదూ?"

"నేను ఊపిరి పీల్చుకోవడం కాదు. పెట్టెలో గుడ్లు పీల్చుకోవాలి. వాటికి వేడి తగ్గితే అంతే సంగతులు."

"అందుకే కదా ముందు నీకు పెడుతున్నది. పరాయివాళ్లకైతే అమ్ముతాను. నీకైతే హామీ రాసిస్తాను."

రాసివ్వలేదనుకోండి. కానీ చెల్లెలు పక్కనే కూర్చుని, "నిజమే అక్కా, కంపెనీవాళ్లు ఆయన్ని చాలా మెచ్చుకున్నారు" అంది. అలా అంటున్నప్పుడు ఆ పిల్ల మొహంలో చాలాకాలం తర్వాత కాస్త వెలుగు కనిపించింది. పిల్లలక్క దానికి పడిపోయింది. కరెంటు పోయినప్పుడు పెట్టెలను నడిపే పాత ఇన్వర్టరు ఒకటి ఉండేది. కొత్తది వచ్చాక దానితో పనేముంది, ఇంట్లో చోటు దండగ అని మరిది దాన్ని కూడా ఆటోలో వేసుకుని పోయాడు.

బిగించిన రోజున ఆమెకు ఫొటో తీశారు. మేడ మీద, వెనక తెల్లటి గాలిమర, చేతిలో పసుపు రంగు కోడిపిల్ల, మొహాన పెద్ద నవ్వు. ఆ నవ్వుకు కారణం గాలిమర కాదు. పిల్ల ఆమె వేలును పొడుస్తోంది, చక్కిలిగింతలు పుట్టాయి. అప్పటికింకా తీగలు కూడా కలపలేదు.

నెల తిరక్కుండా ఆ నవ్వు ఊరంతా ఎక్కింది. బస్టాండు గోడ మీద, ఆసుపత్రి మలుపులో, మరిది కొత్తగా తెరిచిన షోరూము ముందు రెండు స్తంభాల మధ్య కట్టిన పెద్ద ఫ్లెక్సీ మీద. మూలన టై కట్టుకున్న మరిది బొమ్మ. కింద ఆమె ఎన్నడూ అనని మాటలు: "నా పిల్లలన్నీ వెచ్చగా ఉన్నాయి. కరెంటు బెంగే లేదు. మీరూ పెట్టించుకోండి."

"నేనెప్పుడన్నాను?" అని అడిగితే, "అనబోతావు కదా వదినా" అన్నాడు మరిది.

మొదట్లో గాలిమర బాగానే తిరిగింది. సందులోకి వచ్చినవాళ్లంతా మెడలు ఎత్తి చూసేవారు. తిరుగుతోంది కాబట్టి కరెంటు పుడుతోందనే మేమందరం అనుకున్నాం. కానీ మా సందుకు రెండు వైపులా ఎత్తు మేడలు. గాలి వచ్చినా గోడలకు కొట్టుకుని, సుడి తిరిగి, దారి తప్పి వస్తుంది. రేకులు కాసేపు ఇటు, కాసేపు తటపటాయించి, మళ్లీ ఇటు తిరిగేవి. చూడటానికి ముచ్చటగా ఉండేది. కింద బ్యాటరీ పెట్టె మీద పచ్చ దీపాలు మాత్రం ఒకటి దాటి రెండోది వెలగడం అరుదు. పిల్లలక్క ఫోను చేస్తే, "కొత్తది కదా, సర్దుకుంటుంది" అనేవాడు మరిది. వీధిలో కరెంటు ఉన్నంతకాలం పెట్టెలకు లోటు రాలేదు కాబట్టి ఆమె కూడా మరీ తరిమి అడగలేదు.

చలికాలం నడిమధ్యలో పొగమంచు పట్టింది. ఎదురింటి కిటికీ కూడా కనిపించనంత మంచు. గాలి అనేదే లేదు. ఆరేసిన బట్టలు బిగదీసినట్టు నిలువునా వేలాడుతున్నాయి. ఆ వారంలోనే సగం ఊరికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడుతో కాలిపోయింది. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

పెట్టెల నిండా గుడ్లు. ఒక పెట్టెలోవి మరో రెండు రోజుల్లో పగలాల్సినవి. చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి నుంచి కిచకిచ వినిపించేవి.

బ్యాటరీ పెట్టె పూటైనా నిలవలేదు. పిల్లలక్క మేడ మీదకు పరుగెత్తి చూసింది. తెల్లటి రేకుల మీద మంచు బొట్లు కట్టి ఉన్నాయి. ఒక్క బొట్టు కూడా జారడం లేదు. ఆమె చేత్తో రేకులను తోసింది. అవి ఒక చుట్టు తిరిగి ఆగాయి. మళ్లీ తోసింది. భర్త పైకి వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకుపోయాడు.

సీసాల్లో వేడినీళ్లు పోసి పెట్టెల్లో సర్దారు. దుప్పట్లు కప్పారు. భర్త జనరేటరు కోసం ఊరంతా తిరిగాడు. ఉన్నవన్నీ ఆసుపత్రికి, కోల్డ్ స్టోరేజీలకు వెళ్లిపోయాయి. మరిదికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పొయ్యి మీద నీళ్లు కాగుతూనే ఉన్నాయి గానీ, పెట్టె మూత తెరిచిన ప్రతిసారీ ఉన్న వేడి కూడా పోయేది. మర్నాటికి కిచకిచలు తగ్గాయి. ఆ మర్నాటికి లేవు.

కరెంటు వచ్చాక ఆమె ఆ గుడ్లను ఒక్కొక్కటే పగలగొట్టి చూసింది. ఎందుకు చూడటం, పారేద్దాం అన్నాడు భర్త. ఆమె వినలేదు. లోపల పిల్లలు నిండుగా తయారై, ముక్కులు పెంకు వైపు పెట్టుకుని ఉన్నాయి. కొన్ని పెంకును గీరాయి కూడా. ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుంది, చెప్పులు వేసుకుంది, నేరుగా షోరూముకు వెళ్లింది.

షోరూము కప్పు మీద గాలిమర గిరగిరా తిరుగుతోంది.

పిల్లలక్క అక్కడే రోడ్డు మీద ఆగిపోయింది. మంచు ఇంకా విడలేదు. ఎదురుగా టీ కొట్టు పొగగొట్టంలోంచి పొగ కర్ర పాతినట్టు నిటారుగా పైకి పోతోంది. ఆమె ఆ పొగను చూసింది, గాలిమరను చూసింది, మళ్లీ పొగను చూసింది.

లోపల మరిది కుర్చీలోంచి లేచి, "రా వదినా, ఇప్పుడే ఫోను చేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. అతను తల ఊపుతూ విన్నాడు.

"గాలి లేకపోతే నేనేం చేయగలను చెప్పు. అది ప్రకృతి."

"మరి నీ కప్పు మీద ఎలా తిరుగుతోంది?"

"ఇక్కడ ఎత్తు కదా."

"మా మేడ కంటే నీ కప్పు కురచ."

మరిది నవ్వాడు. "నీకు ఈ లెక్కలు అర్థం కావులే వదినా. అయినా గుడ్లే కదా. మళ్లీ పెట్టుకోవచ్చు."

చెల్లెలు బల్ల వెనక కూర్చుని ఉంది. పిల్లలక్క ఆమె వైపు చూసింది. చెల్లెలు కళ్లు దించుకుని, కాగితాలను ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. అవి అప్పటికే పేర్చి ఉన్నాయి. కప్పు మీదది ఎలా తిరుగుతోందో చెల్లెలికి తెలుసని ఆ ఒక్క పనితో పిల్లలక్కకు అర్థమైపోయింది. ఆమెకు మరిది మాట కంటే చెల్లెలి మౌనం ఎక్కువ మండింది.

"నా ఫొటో తీసెయ్" అంది.

"అది కంపెనీ ఆస్తి వదినా. నా చేతుల్లో లేదు."

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పక్క వీధి టైలరు నిలబడి ఉన్నాడు. పెద్దాయన, ఎవరినీ గట్టిగా ఒక మాట అనే రకం కాదు. ఇప్పుడు మాత్రం నమస్కారం కూడా పెట్టలేదు. అతను కూడా గాలిమర పెట్టించాడు. కరెంటు లేని రెండు రోజులూ మిషను మూసుకుని కూర్చున్నాడు.

"కంపెనీని నమ్మి కొనలేదమ్మా. నీ మొహం చూసి కొన్నాను" అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పవని అందరికీ చెప్పాను కూడా."

ఆమె అతన్ని కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. అతను వెళ్లాక భర్తతో, "వాణ్ని వదలను" అంది. గొంతు పెంచలేదు. కూర తరిగేటప్పుడు ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. భర్తకు భయం వేసింది.

మర్నాడు ఆమె బీరువాలోంచి ఆ ఫొటోలో వేసుకున్న బట్టలే తీసి కట్టుకుంది. జుట్టు అలాగే దువ్వుకుంది. గంపలో నాలుగు కోడిపిల్లల్ని పెట్టుకుని, షోరూము ముందు సరిగ్గా తన ఫ్లెక్సీ కింద పీట వేసుకుని కూర్చుంది. పైన నవ్వుతున్న పిల్లలక్క, కింద నవ్వని పిల్లలక్క. వచ్చేపోయేవాళ్లు పైకీ కిందికీ చూసి ఆగేవారు.

"మీరే కదూ?"

"నేనే."

"బాగా పనిచేస్తోందా?"

అప్పుడు చెప్పేది. తిట్టేది కాదు, శాపనార్థాలు పెట్టేది కాదు. గుడ్లు పగలగొడితే ఏం కనిపించిందో చెప్పేది. ముక్కులు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పేది. షోరూము మెట్లెక్కబోయినవాళ్లు దిగిపోయేవారు.

మరిది మొదట నవ్వుతూ వచ్చాడు. తర్వాత కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ తర్వాత పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలువు. ఈ బొమ్మ ఎవరిదని అడుగుతారు, నాదని చెప్తాను. నా బొమ్మ కింద నేను కూర్చోకూడదా?" అంది. ఫ్లెక్సీ దింపేద్దామంటే, ఆమె చెప్పేదంతా నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. ఉంచుదామంటే ఆమె లేవదు. అతను పూటకో రకంగా మొహం మాడ్చుకునేవాడు. పిల్లలక్కకు అది చూస్తుంటే అన్నం తిన్నంత తృప్తిగా ఉండేదని తనే చెప్పింది.

మరిది తోడల్లుడికి ఫోను చేశాడు. "అన్నయ్యా, వదినకు నువ్వైనా చెప్పు. ఇది మన కుటుంబం పరువు."

"చెప్పి చూశాను" అన్నాడు భర్త. "మధ్యాహ్నం క్యారేజీ నన్నే పట్టుకు రమ్మంది."

అలా కూర్చున్నన్నాళ్లూ పిల్లలక్క కన్ను కప్పు మీదే ఉంది. టీ కొట్టు పొగ వాలిన రోజూ, నిటారుగా లేచిన రోజూ, గాలిమర ఒకే వేగంతో తిరిగేది. గాలికి ఎక్కువతక్కువలు ఉంటాయి గానీ ఆ గాలిమరకు లేవు. ఆమె ఎవరికీ చెప్పలేదు. కాచుకుని కూర్చుంది.

ఆమె కాచుకున్నది రానే వచ్చింది. కొత్త తీగలు లాగుతున్నామని, ఆ ప్రాంతమంతా ఉదయం కరెంటు ఆపుతామని అందరి ఫోన్లకూ కబురు వచ్చింది. పిల్లలక్క ముందురోజు టైలరు దగ్గరకు, గాలిమర పెట్టించుకున్న మిగతావాళ్ల దగ్గరకు వెళ్లి, "రేపు పొద్దున షోరూము దగ్గరకు రండి. ఊరికే నిలబడి చూడండి చాలు" అంది.

ఉక్కగా ఉన్న రోజు. చెట్టు మీద ఆకు కదలడం లేదు. షోరూములో మరిది ఎవరో కొత్త దంపతులకు కప్పు వైపు చూపిస్తూ చెబుతున్నాడు. బయట సందడి చూసి వాళ్లు కూడా వాకిట్లోకి వచ్చారు. పిల్లలక్క వాళ్లను కూడా అందరితోపాటు పైకి చూడమంది.

టీ కొట్టులో రేడియో ఆగిపోయింది. వీధి మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది.

గాలిమర వేగం తగ్గింది. రేకులు ఒక్కొక్కటిగా కనిపించసాగాయి. ఇంకాస్త తగ్గి, ఇంకాస్త తగ్గి, ఆగిపోయింది.

షోరూము వెనక నుంచి దగ్గినట్టు ఒక చప్పుడు, మరో చప్పుడు, తర్వాత ధడధడమని జనరేటరు అందుకుంది. నల్లటి పొగ గోడ మీంచి లేచింది. కప్పు మీద గాలిమర కదిలింది. మెల్లగా, తర్వాత చురుగ్గా, చివరకు ఎప్పటిలాగే గిరగిరా తిరగసాగింది.

ముందుగా నోరు తెరిచింది టైలరు. "అయితే డీజిలు పోస్తే గాలి పుడుతుందన్నమాట" అన్నాడు.

అంతే. నవ్వు మొదలై, నవ్వులోంచి కేకలు, కేకల్లోంచి తోపులాట. దంపతులు ఎప్పుడు జారుకున్నారో ఎవరూ చూడలేదు. మరిది ఏదో మోటారని, ప్రదర్శన కోసమని, కంపెనీవాళ్లే పెట్టమన్నారని చెప్పబోయాడు. అతని మాట అతనికే వినపడలేదు. జనరేటరు అంత చప్పుడు చేస్తోంది. చెల్లెలు వెనక గదిలోకి వెళ్లి దాన్ని ఆపేసింది. రేకులు మళ్లీ ఆగాయి. పిల్లలక్క లేచి, పీట చంకన పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. గొడవ పూర్తయ్యేదాకా ఉండాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

కంపెనీ పరువు పోతుందని భయపడి, కొన్నవాళ్లందరి దగ్గరా గాలిమరలు వెనక్కి తీసుకుంది. షోరూము మూతపడింది. దించిన ఫ్లెక్సీని పిల్లలక్క అడిగి మరీ తెచ్చుకుంది. కత్తెరతో తన మొహం ఉన్న మేరకు కత్తిరించి పొయ్యిలో పడేసింది. మిగిలినదాన్ని, టై కట్టుకున్న మరిది బొమ్మ పైకి కనిపించేలా, కోడిపిల్లలు తిరిగే దడిలో నేల మీద పరిచింది. రోజూ పొద్దున్నే నీళ్లు కొట్టి కడిగేది. "ఎంత కడిగినా పోవడం లేదు" అనేది, రెట్టల గురించో మరిది నవ్వు గురించో మాకు తెలిసేది కాదు.

ఇక్కడితో ఆగితే బాగుండేదని ఆమె భర్త అంటాడు. ఆగలేదు. ఇంటి కరెంటు గురించి ఊళ్లో ఎవరు ఏం కొనాలన్నా ఆమెను అడిగి వెళ్లడం మొదలైంది. గాలిమర మాట ఎత్తితే చాలు, "పనికిరాదు" అనేది. మీ ఇల్లు ఎక్కడ, ఎంత ఎత్తు, చుట్టూ ఏముంది అని అడిగేది కాదు. మరిది ఇప్పుడు అదే కంపెనీలో మామూలు జీతగాడిగా, ఇళ్లకు వెళ్లి బిగించే పనిలో చేరాడని ఆమెకు తెలుసు. తను ఒక్కరిని వెనక్కి తిప్పితే అతనికి ఒక పని తగ్గినట్టే.

ఆమెకు గుడ్లు పంపే ఒకామె గుట్ట మీద ఉంటుంది. వాళ్ల కోళ్లకు జబ్బు చేస్తే చూడటానికి పిల్లలక్క వెళ్లింది. పెరట్లో అదే తెల్లటి గాలిమర. చుట్టూ ఒక్క మేడ లేదు, చెట్టు లేదు. గుట్ట ఎక్కిన గాలి ముక్కుసూటిగా వచ్చి రేకులను తిప్పుతోంది. బ్యాటరీ పెట్టె మీద పచ్చ దీపాలు చివరిదాకా వెలుగుతున్నాయి.

"మీ మరిదే బిగించాడు" అంది ఆమె. "దీన్ని పెట్టాక మాకు దీపం ఆగింది లేదు. మంచు పడితే కాస్త మందగిస్తుంది, అది ముందే చెప్పాడు."

"చెప్పాడా?"

"చెప్పాడు. ఇప్పుడు అందరికీ ముందే చెబుతాడట."

పిల్లలక్క తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా పళ్లు కొరుకుతూ వచ్చింది. తనకు పని చేయనిది పక్కవాళ్లకు పనిచేస్తుంటే కలిగే మంట వేరు. ఆ గాలిమర అన్నిచోట్లా చెత్తయితే ఆమె పగ నిటారుగా నిలబడేది. ఇప్పుడు అది ఒక పక్కకు ఒరిగింది. ఆమె గుట్ట సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "పనికిరాదు" అనడమూ మానలేదు.

గుట్ట మీది ఆమె నోట ఈ సంగతి మరిదికి, అతని నుంచి చెల్లెలికి తెలిసింది. చెల్లెలు అప్పటికి ఒక బట్టల కొట్టులో పనికి కుదిరింది. పనిలోంచి నేరుగా, మొహం కూడా కడుక్కోకుండా వచ్చి, దడి దగ్గర నిలబడింది. నేల మీద పరిచిన ఫ్లెక్సీని, దాని మీద మొగుడి బొమ్మను చూసింది.

"అక్కా, ఆయన చేసింది తప్పే. మోటారు సంగతి నాకు తెలుసు, చెప్పలేదు. అది నా తప్పు. నువ్వు ఏం చేసినా నోరెత్తలేదు చూడు."

"ఎత్తడానికి నీకు నోరు ఉంటేగా."

"ఇప్పుడుంది. గుట్ట మీద ఎలా తిరుగుతోందో చూశావు. చూసి వచ్చి కూడా పనికిరాదని చెబుతున్నావు. ఆయన తిరగనిదాన్ని తిరుగుతోందన్నాడు. నువ్వు తిరుగుతున్నదాన్ని తిరగదంటున్నావు. ఇంక తేడా ఏముంది?"

పిల్లలక్క చేతిలో ఉన్న గింజల డబ్బా నేలకేసి కొట్టింది. కోడిపిల్లలు చెల్లాచెదురై, మళ్లీ గింజల మీదకు ఎగబడ్డాయి. "నీ మొగుడితో నన్ను పోల్చకు. వాడి వల్ల నా చేతుల్లో ఎన్ని పోయాయో నీకు తెలుసా?"

"తెలుసు" అంది చెల్లెలు. "అందుకే ఇన్నాళ్లు రాలేదు."

ఆమె వెళ్లిపోయాక పిల్లలక్క పొయ్యి వెలిగించలేదు. భర్త వచ్చి తనే ఏదో వండాడు. పళ్లెం ముందు కూర్చుని, "అది చిన్నప్పుడు నాతో ఇలా మాట్లాడేదే కాదు" అంది. "మాట్లాడి ఉంటే గాలిమర వచ్చేదే కాదేమో" అన్నాడు భర్త. ఆమె పళ్లెం పక్కకు జరిపింది.

కొన్నాళ్లకు ఊరి బయట పెద్ద చెరువు గట్టు మీద ఉండే పడవల మేస్త్రి వచ్చాడు. అక్కడికి కరెంటు తీగలే లేవు. గాలిమర పెట్టించుకుందామని ఉంది, మంచిదేనా అని అడిగాడు. పిల్లలక్క గుడ్లు తిప్పుతోంది. చేతిలో ఉన్నది తిప్పి పెట్టింది, ఇంకొకటి తీసుకుంది. అతను సమాధానం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"చుట్టూ అడ్డు ఏమీ లేదుగా?" అంది చివరికి.

"ఏముంటుంది అక్కా, నీళ్లే. గాలికి టోపీ నిలవదు."

"అయితే అక్కడ ఆడుతుంది. గాలి పడిపోయిన రోజు ఆడదు. దాని మీదే ప్రాణం పెట్టుకోకు, పక్కన ఇంకేదైనా ఉంచుకో." గుడ్డు తిప్పింది. "ఇంకో మాట. మా మరిది దగ్గర మాత్రం కొనకు."

"అతను కాక ఈ చుట్టుపక్కల ఇంకెవరు బిగిస్తారు?"

"కనుక్కో. దొరక్కపోతే దీపం పెట్టుకో."

మేస్త్రి నవ్వాలో వద్దో తెలియక వెళ్లిపోయాడు. తర్వాత అతను మరిది చేతే పెట్టించుకున్నాడని, అది బాగా తిరుగుతోందని తెలిసింది. భర్త ఆ కబురు మోసుకొచ్చి ఆమె మొహం చూశాడు. "వాడే బిగిస్తాడని తెలిసే చెప్పాను" అంది ఆమె, పెట్టె మూత వేస్తూ.

ఇప్పుడు చెల్లెలు సెలవు రోజుల్లో వస్తుంది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ పొదిగే గదిలో కూర్చుని గుడ్లు సర్దుకుంటారు. ఎక్కువ మాట్లాడుకోరు. మరిది ఆమెను బండి మీద తెచ్చి, సందు మొదట్లో దించుతాడు. లోపలికి రాడు. వెళ్లిపోడు కూడా. పని అయ్యేదాకా కరెంటు స్తంభం పక్కన బండి ఆపుకుని, ఫోను చూసుకుంటూ ఉంటాడు.

మొన్న ఎండ బాగా కాసింది. చెల్లెలు కిటికీలోంచి సందు మొదటి వైపు ఒకసారి చూసి, "అక్కా, ఆయనకు కాసిని మంచినీళ్లు ఇచ్చి రానా?" అంది.

పిల్లలక్క కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి చెల్లెలి చేతికిచ్చింది. చెల్లెలు గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి చెప్పింది.

"చెంబు వెనక్కి పట్టుకురా. అక్కడే తాగమను."

చెల్లెలు సరేనని బయటికి నడిచింది. పిల్లలక్క కిటికీ తలుపు దగ్గరగా వేసి, వారం నిండిన గుడ్డును దీపం ముందు పట్టుకుంది.